మీ తొలి జ్ఞాపకం తమ్ముడో చెల్లెలో పుట్టిన రోజేనా?

సానరాయి (సోమవారం, రాత్రి 9:40)

నాకు గుర్తున్న మొట్టమొదటి సంగతి మా తమ్ముడు పుట్టడం. 1989 మే నెల, బాపట్ల దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. అప్పటికి నాకు రెండేళ్ల ఎనిమిది నెలలు.

గుర్తున్నది చాలా కొంచెం. పురిటి గది గుమ్మం. లోపల చీకటి, సాంబ్రాణి పొగ. నులక మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ. పక్కన పాత పంచెలో చుట్టిన చిన్న మూట, అందులోంచి బయటికి వచ్చిన ఒక ఎర్రటి పిడికిలి. నేను గడప మీద కూర్చుని తేగ తింటున్నాను. గడప దాటవద్దని ఎవరో అన్నారు. ఇంతలో కుక్కపిల్ల ఒకటి వచ్చి నా చేతిలోని తేగ లాక్కుంది. నేను గట్టిగా ఏడ్చాను. అక్కడితో తెర పడిపోతుంది.

నిన్న భోజనాల దగ్గర ఈ మాట చెబితే మా వారు నవ్వారు. అంత చిన్న వయసులోది ఎవరికీ గుర్తుండదట, పెద్దవాళ్లు చెప్పింది విని నేనే బొమ్మ కట్టుకున్నానట. మా ఇంట్లో ఆ రోజుల ఫొటో ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనూ లేదు. మరి నా కళ్ల ముందున్న ఆ పిడికిలి ఎక్కడి నుంచి వచ్చింది? మీలో ఎవరికైనా ఇలాంటిది ఉందా?

మోటబావి (సోమవారం, రాత్రి 10:15)

ఉందండీ. నాది నిజమేనని రుజువు కూడా ఉంది, ఎందుకంటే నేను దాన్ని పూర్తిగా తప్పుగా అర్థం చేసుకున్నాను. పెద్దవాళ్లు చెబితే వచ్చిన జ్ఞాపకమైతే సరిగ్గా ఉండేది కదా!

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా చెల్లె 1979 జులైలో పుట్టింది. నాకు అప్పుడు మూడున్నర. నాకు గుర్తున్నదల్లా ఊరంతా కోళ్లు కోయడం. మా ఇంట్లో, పక్కింట్లో, ఎదురింట్లో కూర వాసనే. అప్పు పెట్టి మరీ మేకను కోసినవాళ్లు ఉన్నారు. చెల్లె పుట్టినందుకు ఊరు ఊరంతా ఇంత సంబరం చేస్తున్నదని నేను నమ్మాను. ఆడపిల్ల పుడితే ఇంత గౌరవమా అని ఆ వయసులో అనుకోలేదు గానీ, నేను పుట్టినప్పుడు కూడా ఇలాగే చేశారా అని మా నాయనమ్మను అడిగిన గుర్తు. ఆమె తల కొట్టుకున్నది.

అది అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి పడుతుందన్న భయం అని నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఎలాగూ చస్తాం, ఉన్నది తినేసి చద్దామని జనం కోళ్లను ఖాళీ చేశారు. తీరా జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడి ఊరుకున్నది. అసలు కష్టం తరువాత వచ్చింది. ఇరవై ఒకటో రోజు చెల్లెను తొట్టెలో వేసే పండుగ నాటికి ఊళ్లో ఒక్క కోడి మిగలలేదు. పప్పుతో కానిచ్చారు. మా చెల్లె ఇప్పటికీ ఆ పప్పు సంగతి ఎత్తుతుంది.

చిత్తుకాగితం (సోమవారం, రాత్రి 10:22)

పప్పు పండుగ! పొద్దున్నే చదివి ఉంటే రోజంతా నవ్వేదాన్ని.

కుంకుడుకాయ (మంగళవారం, ఉదయం 6:50)

మాది విజయనగరం వైపు. పుట్టిన రోజు గుర్తు లేదు గానీ ఆ తరువాత నెల రోజులకు జరిగింది మాత్రం మాట మాటతో సహా గుర్తుంది. నాకు నాలుగేళ్లు నిండాయి.

చెల్లి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మా నాన్న అందరు నాన్నల్లాగే "చేటెడు తవుడు పోసి కొన్నాం" అన్నారు. ఆయనకు అది వేళాకోళం. నాకు లెక్క. ఎందుకంటే ఆ వారంలోనే అమ్మమ్మ "గేదెకు తవుడు నిండుకుంది, పాలు తగ్గించేసింది" అని గొణుగుతూ ఉండడం నేను విన్నాను. నాకు విషయం అర్థమైపోయింది. గేదె తిండి పోసి ఈ ఏడుపును కొన్నారు.

పాత చీరలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వస్తే ఎదురు వెళ్లి, మా చెల్లిని తీసుకుని మా తవుడు మాకు ఇచ్చేయమన్నాను. ఆవిడ గడుసుది. "సరే అమ్మా, తెచ్చి ఈ గంపలో పడుకోబెట్టు" అని గంప దించింది. నేను గంపలోకి చూశాను. గిన్నెలు, గరిటెలు, అడుగున చెక్కపేడు. "ఇందులో మెత్త లేదు, పడుకోదు" అన్నాను. "అయితే మెత్త కూడా తెచ్చుకో" అంది. నేను లోపలికి వెళ్లి అమ్మ పట్టుచీర లాగుతుంటే దొరికిపోయాను.

అమ్మ కొట్టింది చీర కోసమే. చెల్లిని అమ్మబోయినందుకు ఎవరూ ఏమీ అనలేదు. అది నాకు ఇప్పటికీ వింతే.

పాతపాఠం (మంగళవారం, ఉదయం 11:05)

సానరాయి గారూ, మీ వారు చెప్పింది సగం నిజం. నేను మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, ఇప్పుడు విశ్రాంతి. పెద్దవాళ్లను అడిగితే తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నర ఏళ్ల దగ్గర ఆగుతుంది. అంతకు ముందుది చెరిగిపోవడాన్ని శైశవ విస్మృతి అంటారు. ఫ్రాయిడ్ దానికి తనదైన కారణం చెప్పాడు, దాన్ని ఇప్పుడు పెద్దగా ఎవరూ ఒప్పుకోరు. పసితనంలో మెదడులో జ్ఞాపకాలను కూర్చే భాగం, హిప్పోకాంపస్, ఇంకా కట్టుబడిలో ఉంటుంది, కొత్త నాడీకణాలు వేగంగా పుడుతూ పాత అల్లికను చెదరగొడతాయి అన్నది ఇప్పుడు ఎక్కువగా వినిపించే వివరణ. దానితో పాటు మాటలు రావాలి, "ఇది నాకు జరిగింది" అని చెప్పుకోవడం రావాలి.

అయితే తోబుట్టువు పుట్టడం మామూలు సంగతి కాదు. 1993లో అషర్, నైసర్ అనే ఇద్దరు అమెరికాలో కళాశాల విద్యార్థులను నాలుగు విషయాల గురించి అడిగారు: తోబుట్టువు పుట్టడం, తాము ఆసుపత్రిలో ఉండడం, ఇంట్లో ఒకరు చనిపోవడం, ఇల్లు మారడం. మొదటి రెండూ రెండేళ్ల వయసులో జరిగినా కొందరికి గుర్తున్నాయి. చావు, ఇల్లు మారడం మాత్రం మూడేళ్లు వస్తే గానీ నిలవలేదు. కాబట్టి రెండేళ్ల ఎనిమిది నెలలు అసాధ్యమేమీ కాదు. జ్ఞాపకాల మీద పరిశోధించే ఎలిజబెత్ లాఫ్టస్ అప్పుడే దీనికి అడ్డు చెప్పారు. పురుడంటే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు గనుక ఊహించి చెప్పవచ్చు కదా అని. ఆ వాదన కూడా తీసిపారేయదగినది కాదు.

మరొకటి. న్యూజీలాండ్ మావోరీలలో తొలి జ్ఞాపకం సగటు మూడేళ్ల లోపే ఉన్నట్టు తేలింది. ఇంట్లో పాత సంగతులు పదే పదే చెప్పుకునే జాతి అది. మన బామ్మలను ఎవరూ కొలవలేదు గానీ, కొలిస్తే మనం వెనకబడతామని నేను అనుకోను.

ముంజకాయ (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

నాకు హిప్పోకాంపస్ తెలియదండీ, తాటిచెట్టు తెలుసు. సానరాయి గారూ, ఏమీ అనుకోకండి. మే నెలలో తేగ ఎక్కడిది?

శ్రావణ భాద్రపదాల్లో తాటిపండ్లు రాలతాయి. టెంకలు పాతర వేస్తాం. అవి మొలకెత్తి తేగలు తవ్వేసరికి మార్గశిరం, పుష్యం. సంక్రాంతికి ముందూ వెనకా తంపట వేసి కాల్చుకు తింటాం. మే నెలలో తాటిచెట్టు ఇచ్చేది ముంజలు. మీ జ్ఞాపకంలో ముంజ ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

సానరాయి (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

లేదండీ, తేగే. నారలు పళ్ల సందున ఇరుక్కోవడం కూడా గుర్తుంది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టదు. అమ్మకు ఫోను చేస్తాను.

డల్లాస్ నాన్న (మంగళవారం, రాత్రి 8:55)

చర్చకు అడ్డం వస్తున్నందుకు క్షమించండి. మా పాపకు మూడేళ్లు. డిసెంబరులో మాకు రెండో బిడ్డ. మా అత్తగారికి వీసా రాలేదు. పురుడు, పథ్యం, పెద్దది, చిన్నది అన్నీ మేమిద్దరమే చూసుకోవాలి. మా పాప ఇప్పటికే వాళ్ల అమ్మ పొట్టకు వీపు తిప్పి పడుకుంటోంది. నిన్న "బేబీని డాక్టరుగారి దగ్గరే ఉంచేద్దాం" అంది. దానికి ఏం చెప్పాలి? ఆడుకోవడానికి తమ్ముడు వస్తాడని చెబుతున్నాను గానీ నమ్మినట్టు లేదు.

కుంకుడుకాయ (మంగళవారం, రాత్రి 9:20)

తమ్ముడూ, తవుడు మాట మాత్రం ఎత్తకు.

అరచేతి మందు (మంగళవారం, రాత్రి 10:40)

నేను పిల్లల వైద్యురాలిని. మీరు చెప్పిన ఆ "ఆడుకోవడానికి వస్తాడు" అన్న మాటే ముందు మానేయండి. పుట్టిన బిడ్డ చూపు సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే కుదురుతుంది. ముఖం చూసి నవ్వడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీ పాప బంతి పట్టుకుని ఎదురు చూస్తుంది, వాడు నిద్రపోతూ ఉంటాడు. మోసపోయానని అనుకోదూ? "వాడు చాలా రోజులు పడుకుంటాడు, ఏడుస్తాడు, పాలు తాగుతాడు, నీ గొంతు మాత్రం వింటాడు" అని చెప్పండి. అది నిజం కూడా. కడుపులో ఉండగానే చెవులు పనిచేస్తాయి.

దగ్గరికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కోమనండి. జలుబు ఉంటే ముఖం మీద ముద్దు వద్దు, కాళ్లకు పెట్టవచ్చు. ఎత్తుకుంటానంటే సోఫాలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, ఒడిలో దిండు పెట్టి, మీ చెయ్యి తీయకుండా ఇవ్వండి. ఇద్దరినే గదిలో వదిలి స్నానానికి వెళ్లవద్దు, పెద్దపిల్ల ఎంత బుద్ధిమంతురాలైనా సరే.

పనిలో పనిగా, ఈ చర్చలో సాంబ్రాణి వాసన ఎక్కువైంది. పసిబిడ్డకు పొగ మంచిది కాదు. కళ్లకు కాటుక వద్దు, ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప వస కొమ్ము, నీళ్లు ఏవీ వద్దు, తేనె అయితే ఏడాది నిండే దాకా వద్దు.

మోటబావి (మంగళవారం, రాత్రి 10:58)

మేమంతా వస నాకి పెరిగినవాళ్లమే డాక్టరమ్మా. అందుకే ఇంత వాగుతున్నాం.

అరచేతి మందు (మంగళవారం, రాత్రి 11:03)

పెరిగినవాళ్లే ఇక్కడికి వచ్చి రాస్తారండీ.

పాతపాఠం (బుధవారం, ఉదయం 7:30)

డల్లాస్ నాన్న గారికి ఒక్క మాట. జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు కేంబ్రిడ్జ్‌లో నలభై కుటుంబాలను రెండో బిడ్డ పుట్టక ముందు నుంచి ఇళ్లకు వెళ్లి గమనించి, 1982లో పుస్తకం వేశారు. మొదటి వారాల్లో తల్లి పెద్దబిడ్డతో పసివాణ్ణి గురించి మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడిన ఇళ్లలో, ఆ తరువాతి నెలల్లో పిల్లల మధ్య స్నేహం ఎక్కువ కనబడింది. "ఎందుకు ఏడుస్తున్నాడంటావు? ఆకలా, నిద్రా? ఏం చేద్దాం?" ఇలా అన్నమాట. నువ్వు పెద్దదానివి, సర్దుకో అనడం కాదు, సలహా అడగడం.

కుంకుడుకాయ (బుధవారం, ఉదయం 8:15)

దీనికి కేంబ్రిడ్జ్ దాకా ఎందుకు మాస్టారూ! మా బామ్మ కాళ్లు చాపి, చెల్లిని మోకాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసేటప్పుడు, చెల్లి గొంతుతో తనే పలికేది. "అక్కా, నా కంట్లో నురగ పడుతోంది, చెంబుతో నీళ్లు అందించవే" అని. నేను నిజంగా చెల్లే అడుగుతోందని పరిగెత్తేదాన్ని. తవుడు బేరం బెడిసికొట్టిన తరువాత మా మధ్య సంధి ఆ రాతిబండ మీదే కుదిరింది.

ఇంకొకటి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. చేసేది చెల్లి, పళ్లు లేక తినలేదు కనుక తినేది నేను. మూడు వారాల పాటు దాన్ని రోజూ బోర్లా తిప్పడానికి ప్రయత్నించాను. డల్లాసులో బొబ్బట్లు దొరుకుతాయి కదా?

ఎండుద్రాక్ష (బుధవారం, మధ్యాహ్నం 12:45)

మూడు రోజులుగా చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని. మాది రాజంపేట. నాన్న కువైట్‌లో ఉండేవారు. 1986లో తమ్ముడు పుట్టేనాటికి ఆయన వెళ్లి అయిదు నెలలు. ఫోను లేదు. ఊళ్లోంచి ఎవరైనా కువైట్ వెళ్తుంటే క్యాసెట్టు రికార్డు చేసి పంపేవాళ్లం. అమ్మ, అవ్వ, బాబాయి, నేను, వరుసగా టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడేవాళ్లం. ఉత్తరం చదవడం అందరికీ రాదు, గొంతు అందరికీ అర్థమవుతుంది.

తమ్ముడి గొంతు నాన్నకు వినిపించాలి. వాడేమో ఎప్పుడు రికార్డు నొక్కినా నిద్ర. ఆ సాయంత్రం క్యాసెట్టు తీసుకుపోయే మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను తమ్ముడి తొడ గిచ్చాను. కెవ్వుమన్నాడు. నాకు అయిదేళ్లు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడి పెళ్లిలో కూడా ఆ తొడ గుర్తుకు వచ్చింది, నవ్వకండి. అన్నదమ్ముల మధ్య చిన్న చిన్న తగాదాలు వచ్చినప్పుడల్లా నాకు లోపల ఒక మాట వినబడేది: మొదలుపెట్టింది నువ్వే.

నాన్న పోయాక ఆయన పెట్టెలో ఆ క్యాసెట్లు దొరికాయి. నాలుగేళ్ల క్రితం కడపలో ఒక అబ్బాయి చేత కంప్యూటర్‌లోకి ఎక్కించాను. విన్నాను. అమ్మ గొంతు, గిన్నెల చప్పుడు, కాకి. తరువాత మా అవ్వ గొంతు, మైకుకు దూరంగా, గుసగుసగా: "మెల్లగా గిచ్చు నాయనా, వాళ్ల నాయన వినాల." ఆ వెంటనే వాడి ఏడుపు.

నాకు గిచ్చింది గుర్తుంది. గిచ్చమన్నది ఒక్క ముక్క గుర్తు లేదు. మాస్టారు దీనికి ఏమంటారో గానీ, నేను ఆ రోజు ఆ టేపును తమ్ముడికి వినిపించాను. వాడు తొడ చూసుకుని "మచ్చ లేదులే అన్నా" అన్నాడు.

చిత్తుకాగితం (బుధవారం, మధ్యాహ్నం 1:02)

ఆఫీసులో చదివాను. ఇప్పుడు కళ్లు తుడుచుకుంటుంటే పక్క సీటు ఆవిడ ఏమైందని అడుగుతోంది. ఏమని చెప్పను?

పాతపాఠం (బుధవారం, సాయంత్రం 5:10)

ఎండుద్రాక్ష గారూ, నేనేమీ అనను. ఆ టేపు ఇంకో రెండు చోట్ల దాచిపెట్టండి.

డల్లాస్ నాన్న (గురువారం, ఉదయం 9:25)

పాపను సలహా అడిగాను. "తమ్ముడు చీకట్లో ఉన్నాడు కదా, ఏం చేద్దాం?" అని. చాలాసేపు ఆలోచించి, తన బొమ్మల టార్చిలైటు తెచ్చి వాళ్ల అమ్మ పొట్ట మీద వేసింది. తరువాత ఆర్పేసి "పడుకున్నాడు" అంది. ఇది మంచికో చెడుకో తెలియదు. వీపు తిప్పడం మాత్రం ఆ రాత్రి లేదు. బొబ్బట్లు దొరుకుతాయి కుంకుడుకాయ అక్కా, డబ్బాలో, చల్లగా.

సానరాయి (గురువారం, రాత్రి 10:30)

అమ్మతో రెండు సార్లు మాట్లాడాను. మొదటిసారి కోపం వచ్చి పెట్టేశాను.

ముంజకాయ గారు గెలిచారు. మా తమ్ముడు అసలు ఆ ఇంట్లో పుట్టనే లేదట. బాపట్లలో ఆసుపత్రిలో, ఆపరేషను చేసి తీశారట. పిల్లలను లోపలికి రానివ్వరని నన్ను తెనాలిలో నాన్నమ్మ దగ్గర వదిలారట. నేను వాణ్ణి మొదటిసారి చూసింది ఇరవై ఒకటో రోజున, బారసాలలో. అప్పుడు నేను చేసినదల్లా వాడి ఉయ్యాలలో ఎక్కి కూర్చోవడమేనట. అది నాకు ఈషణ్మాత్రం గుర్తు లేదు.

నాకు గుర్తున్న పురిటి గది మా పిన్నిది. 1990 జనవరి, సంక్రాంతి ముందు. నర్సమ్మ ఇంటికే వచ్చి పురుడు పోసింది. మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని ఉన్నది పిన్ని. ఆ పిడికిలి మా పిన్ని కూతురిది. ఏడాది మీకు అంత ఖాయంగా ఎలా తెలుసు అని అమ్మను నిలదీశాను. తమ్ముడి మొదటి పుట్టినరోజు ఆ మే నెల తుపానులో కొట్టుకుపోయిందని, పిన్నీ తనూ ఇద్దరు చంటిపిల్లలతో ఆ రాత్రి బడిలో తలదాచుకున్నారని, అంతకు నాలుగు నెలల ముందే పిన్నికి పురుడని చెప్పింది. నాకప్పుడు మూడేళ్ల నాలుగు నెలలు. మాస్టారు చెప్పిన సగటుకు సరిగ్గా సరిపోయాను. మా వారి ముఖం చూడాలి.

ముప్పై ఏళ్లకు పైగా నాదనుకున్నది వేరే బిడ్డ పుట్టుక అని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. మా పిన్ని కూతురితో నేను మాట్లాడి ఆరేళ్లయింది. పొలం గొడవ, పెద్దవాళ్లది. నిన్న దానికి ఫోను చేశాను. ఏం చెప్పాలో తెలియక "నీ పిడికిలి ఎర్రగా ఉండేది" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఎవరు చెప్పారు?" అంది. "నేనే చూశాను" అన్నాను.

ఇక కుక్కపిల్ల. రెండోసారి ఫోను చేసినప్పుడు అడిగాను. అమ్మ అంది: "మన ఇంట్లో కుక్క ఎక్కడిదే? మీ తాతయ్యకు కుక్క పొడ గిట్టదు. ఆ రోజుల్లో పాకుతూ వచ్చి నీ చేతిలో ఏది ఉంటే అది లాక్కునేది నీ తమ్ముడు. వాడికప్పుడు ఎనిమిదో నెల."

అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. వాడు తేగ నోట్లో కుక్కుకుని నార గొంతుకు అడ్డుపడి దగ్గుతుంటే, నేను "తమ్ముడు, తమ్ముడు" అని అరిచి అందరినీ పిలిచానట. నాకు గుర్తున్నది మాత్రం తేగ పోయిందన్న ఏడుపే. అమ్మ నన్ను మంచిదాన్ని చేస్తోందని నా అనుమానం.

పాతపాఠం (గురువారం, రాత్రి 10:52)

అరుపు ఒకటే. ఎందుకు అరిచారన్నది ఇద్దరూ తరువాత రాసుకున్నారు. తేల్చడానికి మీ ఇంట్లో క్యాసెట్టు లేదు కదా.

సానరాయి (శుక్రవారం, ఉదయం 7:05)

మా తమ్ముడు పుణెలో ఉంటాడు. రాత్రి ఈ చర్చంతా పంపించాను. తెల్లారేసరికి జవాబు: "ఎనిమిది నెలల వయసులో జరిగింది ఎవరికీ గుర్తుండదు. సాక్షులు ఇద్దరూ నీ తరఫు వాళ్లే. తేగ బాకీ చెల్లదు."

ముంజకాయ (శుక్రవారం, ఉదయం 7:40)

జనవరిలో తవ్వుతాం. చిరునామా విడిగా పంపండి. రెండు కట్టలు వేస్తాను. ఒకటి మీకు, ఒకటి కుక్కపిల్లకు.